ఫొటో సందేహాలు: చార్మినార్‌కు సాయంత్రం ఎన్నింటికి వెళ్లాలి?

ఊరెళ్లినప్పుడు రాత్రిపూట తీసిన ఫొటోల మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. చార్మినార్ మొదలుకొని ఈఫిల్ టవర్ దాకా అడిగారు. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు రాసినచోట ఒకరి ప్రశ్నే వేశాం. సెట్టింగులు కావాలన్నవారికి అంకెలు ఇచ్చాం. అవి మొదలుపెట్టుకోవడానికే. స్క్రీన్ మీద చూసుకుంటూ అటూ ఇటూ జరుపుకోండి.

ప్రశ్న: రాత్రి తొమ్మిదింటికి చార్మినార్ దగ్గర ఫోన్‌తో తీశాను. కట్టడం తెల్లగా వెలిగిపోయింది, గోడ మీద ఒక్క గీత కనబడదు. ఆకాశం చూస్తే తారు పూసినట్టుంది. కంటికి మాత్రం అద్భుతంగా ఉంది. ఫోన్ మార్చాలా? (హన్మకొండ)

జవాబు: ఫోన్ అదే ఉంచుకుని వెళ్లే వేళ మార్చండి. తొమ్మిదింటికి ఆకాశంలో వెలుతురు ఏమీ మిగలదు. ఫ్లడ్‌లైట్ పడిన గోడకూ, వెనకనున్న ఆకాశానికీ మధ్య తేడా ఒక్క ఫొటోలో పట్టనంత పెరిగిపోతుంది. పైగా ఫ్రేములో నల్లగా ఉన్న భాగమే ఎక్కువ కాబట్టి ఫోన్ మొత్తాన్నీ వెలిగించాలని చూస్తుంది. ఆ దెబ్బకు సున్నపు నగిషీలన్నీ తెల్లబోతాయి.

సూర్యుడు అస్తమించాక సుమారు 15 నిమిషాల నుంచి 30 నిమిషాల లోపు తీయండి. అప్పటికి దీపాలు వెలిగి ఉంటాయి, ఆకాశం ముదురు నీలంలోకి దిగుతుంటుంది, రెండింటి వెలుతురూ దగ్గర దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్‌లో డిసెంబరులో సాయంత్రం 5:45 ప్రాంతంలో పొద్దుగూకుతుంది, జూన్ చివర్లో 6:50 దాటాక. కాబట్టి చలికాలంలో ఆరింటికల్లా, ఎండాకాలం చివర ఏడింటికల్లా మీ చోట్లో మీరు నిలబడి ఉండాలి. విశాఖలో ఇదంతా దాదాపు 20 నిమిషాలు ముందే జరిగిపోతుంది.

ఆ పావుగంటలోనూ ఒక వరుస ఉంది. పొద్దుగూకాక ముందు చీకటిపడేది తూర్పు ఆకాశం, చివరిదాకా వెలుగు నిలిచేది పడమర. చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు ఉన్నాయి కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. మొదట లాడ్ బజార్ మొగదల నిలబడి తూర్పుకు తిరిగి తీయండి. తర్వాత ఉత్తరాన గుల్జార్ హౌజ్ వైపు వెళ్లండి. ఆఖరున తూర్పు వైపు రోడ్డుకు వచ్చి పడమటికి తిరిగితే మినార్ల వెనక ఇంకా కాస్త నారింజ రంగు మిగిలి ఉంటుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. లాడ్ బజార్‌లో గాజులు కొనడం అయ్యాక ఫోన్ తీస్తారు, అప్పటికి అటువైపు ఆకాశం నల్లబడి ఉంటుంది.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది. స్క్రీన్ మీద, దీపం పడిన గోడను వేలితో నొక్కి పట్టుకోండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ అక్కడ లాక్ అవుతాయి. తర్వాత సూర్యుడి గుర్తును కిందికి జరిపి కొంచెం చీకటి చేయండి. అంకెల్లో చూపించే ఫోన్లయితే మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా. స్క్రీన్ మీద కాస్త మసకగా కనిపించినా కంగారుపడొద్దు. మసకగా ఉన్న చోటును తర్వాత పైకి లేపుకోవచ్చు. తెల్లబోయిన గడియారాన్ని ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. కమానుల మీది ఆ గడియారాలే కొలబద్ద: 1889లో అమర్చినవి. వాటి ముళ్లు కనబడుతున్నాయంటే మీ ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టే.

చంద్రుడు కూడా కావాలంటే పౌర్ణమి రోజు కోసం చూడకండి. ఆ రోజు చంద్రోదయం ఇంచుమించు సూర్యాస్తమయం వేళకే అవుతుంది, మీరు తీసే వేళకు ఇంకా డాబాల వెనకే ఉంటాడు. అంతకుముందు రోజు, చతుర్దశి నాడు, ముప్పావుగంట పైచిలుకు ముందే వస్తాడు కాబట్టి ఆకాశం నీలంగా ఉన్నప్పుడే కనిపించే ఎత్తులో ఉంటాడు. లాడ్ బజార్ వైపు నుంచి చూడాలి.

ప్రశ్న: నైట్ మోడ్‌లో తీస్తే జనం దయ్యాల్లా పారదర్శకంగా వస్తున్నారు. కట్టడం కూడా కొంచెం కదిలినట్టుంది. పైగా ఆకాశంలో ఎక్కడా లేని ఆకుపచ్చ చుక్కలు. (గుంటూరు)

జవాబు: మూడూ వేర్వేరు జబ్బులు.

నైట్ మోడ్ ఒక ఫొటో కాదు. సెకను నుంచి మూడు సెకన్ల దాకా వరసగా తీసిన పది పదిహేను ఫ్రేములను ఫోన్ ఒకదాని మీద ఒకటి సర్ది కలుపుతుంది. మీ చెయ్యి కదిలితే సర్దుకోగలదు. నడిచే మనిషిని సర్దలేక సగం చెరిపేస్తుంది. మీవాళ్లను నిలబెట్టి తీసేటప్పుడు నైట్ మోడ్ సమయం 1 సెకనుకు తగ్గించండి, లేదా ఆపేయండి. దీపాలు బాగా ఉన్న చోట మామూలు మోడ్‌కే సరిపోతుంది. వాళ్లను ఏదైనా దుకాణం వెలుతురు ముఖాన పడేలా నిలబెట్టండి, వీధి దీపం కిందైతే కళ్ల కింద నీడలు పడతాయి. ఫ్లాష్ వద్దు. ఫోన్ ఫ్లాష్ వెలుగు రెండు మూడు మీటర్లు దాటదు. ముఖాలు తెల్లబడతాయి, వెనక చార్మినార్ చీకట్లో కలిసిపోతుంది.

కట్టడం కదిలిందంటే చేతులు చాచి పట్టుకున్నారన్నమాట. మోచేతులు డొక్కలకు ఆనించండి. భుజాన్ని స్తంభానికో గోడకో ఆనించండి. షట్టర్ బటన్‌ను నొక్కడంలోనే ఫోన్ కదులుతుంది, 3 సెకన్ల టైమర్ పెట్టుకుంటే ఆ బాధ లేదు. ఫోన్‌ను నిజంగా కదలని చోట పెడితే కొన్ని మోడళ్లు ఆ సంగతి పసిగట్టి 10 సెకన్లు, 30 సెకన్ల దాకా సమయం ఇస్తాయి. ఇంకొకటి: మెయిన్ కెమెరాతోనే తీయండి. అల్ట్రావైడ్‌కు సెన్సర్ చిన్నది, లెన్స్ లోపలికొచ్చే వెలుతురూ తక్కువ. చీకట్లో జూమ్ నొక్కితే చాలా ఫోన్లు జూమ్ లెన్స్‌ను పక్కనపెట్టి మెయిన్ కెమెరా ఫొటోనే కత్తిరించి పెద్దది చేస్తాయి. అది మీరు తర్వాత కూడా చేసుకోవచ్చు.

ఆ ఆకుపచ్చ చుక్కలు దీపాల ప్రతిబింబాలు. లెన్స్ లోపలి అద్దాల మధ్య వెలుతురు అటూ ఇటూ తట్టుకుని వస్తాయి. ఎక్కడ వస్తాయో ముందే చెప్పొచ్చు: దీపం నుంచి ఫొటో నడిమధ్యకు గీత గీసి అంతే దూరం అవతలికి పొడిగిస్తే చుక్క అక్కడ ఉంటుంది. దీపం కింద ఎడమన ఉంటే చుక్క పైన కుడివైపు ఆకాశంలో తేలుతుంది. కాబట్టి ఫోన్‌ను కొద్దిగా పైకో పక్కకో తిప్పి ఆ చుక్క ఆకాశంలో కాకుండా దుకాణాల బోర్డుల మీదో జనం మీదో పడేలా చూడండి. అక్కడ ఎవరికీ కనబడదు. చుక్కలు కాకుండా దీపాల నుంచి పొడుగ్గా చారలు సాగుతుంటే అది లెన్స్ మీది వేలిముద్ర. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అయ్యాక లెన్స్ తుడవకుండా తీసేవాళ్లే ఎక్కువ. మెత్తటి నూలుబట్టతో తుడిస్తే చాలు.

ప్రశ్న: మినార్లు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలిపోతున్నాయి. (జహీరాబాద్)

జవాబు: ఫోన్‌ను పైకెత్తి తీస్తున్నారు. ఫోన్ నిటారుగా, నేలకు లంబంగా ఉంటే నిలువు గీతలు నిలువుగానే వస్తాయి. ఎంత వెనక్కి వంచితే అంత వాలతాయి.

వంచకుండా పై కొస దాకా రావాలంటే ఎంత దూరం జరగాలో లెక్క కట్టొచ్చు. మామూలు ఫోన్ మెయిన్ కెమెరాను నిలువుగా, సమంగా పట్టుకుంటే, మీ కంటి ఎత్తుకు పైన పట్టే ఎత్తు మీరున్న దూరంలో సుమారు 0.7 వంతు. చార్మినార్ మినార్లు సుమారు 56 మీటర్లు. అంటే 80 మీటర్లు వెనక్కి జరగాలి. అప్పుడు ఫ్రేములో కింది సగమంతా రోడ్డూ జనమే ఉంటారు. ఉండనివ్వండి, తర్వాత కత్తిరించేయొచ్చు. వాన పడిన సాయంత్రమైతే ఆ కింది సగంలోనే అసలు ఫొటో ఉంటుంది: తడి రాళ్ల మీద దీపాల మెరుపు.

అంత వెనక్కి జరగడానికి చోటు లేకపోతే ఫోన్ కొద్దిగా ఎత్తండి, తర్వాత స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ యాప్‌లో పర్‌స్పెక్టివ్ (గీతల వాలు) సరిచేయండి. సరిచేసినప్పుడు పక్కలు కత్తిరింపుకు పోతాయి కాబట్టి తీసేటప్పుడే రెండు వైపులా బాగా ఖాళీ వదలాలి. పూర్తిగా నిటారు చేస్తే మళ్లీ కట్టడం పైన లావెక్కినట్టు కనిపిస్తుంది. ముప్పాతిక వంతు సరిచేసి ఆపండి. లేదంటే బొత్తిగా దగ్గరికి పోయి, కమాను కింది నుంచి పైకి పూర్తిగా ఎత్తి తీయండి. సగం సగం వంచిన ఫొటోయే పొరపాటులా ఉంటుంది, పూర్తిగా వంచింది కావాలని తీసినట్టుంటుంది.

ప్రశ్న: కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా, తేలికపాటి ట్రైపాడ్ కొన్నాను. ట్రైపాడ్ మీద పెట్టినా ఫొటోలు షార్ప్‌గా రావడం లేదు. రాత్రికి ఏ సెట్టింగులు? (నెల్లూరు)

జవాబు: సెట్టింగులు ముందు. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును పట్టే శక్తి) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్8, షట్టర్ (తెరిచి ఉంచే సమయం) 4 సెకన్లు. ఫ్లడ్‌లైట్లు పడిన కట్టడాల్లో చాలావాటికి ఇది దగ్గరగా వస్తుంది. పొద్దుగూకిన పావుగంటకైతే ఆకాశం వెలుగు కూడా ఉంటుంది కాబట్టి 1 సెకనుతో మొదలుపెట్టి, చీకటిపడే కొద్దీ 2, 4, 6 అంటూ పెంచుకుంటూ పోండి. ట్రైపాడ్ లేనప్పుడు అదే వెలుతురుకు ఎఫ్1.8, ఐఎస్ఓ 800, 1/40 సెకను. అంత పెద్ద అపెర్చర్ లేని కిట్ లెన్స్ అయితే ఎఫ్3.5, ఐఎస్ఓ 3200 దగ్గర తేలుతుంది. గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుంది, రానివ్వండి. గ్రెయిన్ ఉన్న ఫొటో చూడొచ్చు, షేక్ అయిన ఫొటో చూడలేం.

ట్రైపాడ్ మీద షార్ప్‌గా రాకపోవడానికి మేం ముందు అనుమానించేవి ఇవి. మధ్య కడ్డీని పూర్తిగా పైకి లేపారా? తేలికపాటి ట్రైపాడ్‌కు అదే బలహీనత. ముందు కాళ్లు, అందులోనూ లావుపాటి గొట్టాలు సాగదీయండి, మధ్య కడ్డీ కిందనే ఉంచండి. కెమెరాలో, లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దేది) ఆన్‌లో ఉందా? ట్రైపాడ్ మీద లేని కదలికను వెతుక్కుంటూ కొన్ని మోడళ్లు తామే కదులుతాయి, ఆపేయండి. బటన్‌ను వేలితో నొక్కుతున్నారా? 2 సెకన్ల టైమర్ పెట్టండి, కెమెరా పట్టీ గాలికి ఊగకుండా మెడలోంచి తీసి చుట్టేయండి. గాలి ఉన్న చోట బ్యాగును కడ్డీకి వేలాడదీయమంటారు. వేలాడే బ్యాగు ఊగితే మేలుకన్నా కీడే ఎక్కువ, అది నేలను తాకుతూ ఉండాలి.

ఫోకస్ కూడా చూసుకోండి. నున్నటి గోడ మీద పెడితే చీకట్లో ఆటోఫోకస్ వెతుకుతూనే ఉంటుంది. వెలుగూ చీకటీ కలిసే అంచు మీద, అంటే కమాను అంచునో బాల్కనీ కటకటాల మీదో పెట్టి, పట్టగానే మాన్యువల్‌కు మార్చేయండి. స్క్రీన్ మీద పది రెట్లు పెద్దది చేసి ఒకసారి చూసుకోండి. జూమ్ లెన్స్ అయితే ఆ తర్వాత జూమ్ ముట్టుకోవద్దు, పెట్టిన ఫోకస్ తప్పిపోతుంది.

వంతెన మీద నిలబడి తీస్తే ఏ ట్రైపాడూ కాపాడదు. కోల్‌కతాలో 1943 నుంచి వాడుకలో ఉన్న హౌరా వంతెన బస్సులు పోతుంటే కాళ్లకు తెలిసేలా అదురుతుంది. అలాంటి వంతెనలను ఒడ్డు నుంచి తీయాలి. హౌరాకైతే మల్లిక్ ఘాట్ పూలబజారు వైపు మెట్లు మంచివి. ఫెర్రీ మీంచి తీయాలనుకుంటే ట్రైపాడ్ ఆశ వదులుకుని ఐఎస్ఓ పెంచుకోవడమే.

ప్రశ్న: ట్రైపాడ్ తీసుకెళ్తే సెక్యూరిటీవాళ్లు ఆపుతున్నారు. వేరే దారి? (కర్నూలు)

జవాబు: పురావస్తు శాఖ చేతిలో ఉన్న కట్టడాల ఆవరణలో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి అడుగుతారు. వాళ్లతో వాదించి ప్రయోజనం లేదు, వెలుతురు దాటిపోతుంది. ఒక గుడ్డసంచిలో అరకిలో బియ్యమో పెసలో పోసి మూతి కుట్టేయండి. పూర్తిగా నింపొద్దు, ముప్పాతిక చాలు, లేకపోతే కెమెరా ఒదగదు. పిట్టగోడ, బెంచీ, స్కూటర్ సీటు, ఎక్కడైనా పెట్టి దాని మీద కెమెరా అదిమి, టైమర్ నొక్కండి. 4 సెకన్ల ఎక్స్‌పోజర్‌కు ఇది చాలు. విమానంలో వెళ్తే ఖాళీ సంచి తీసుకెళ్లి అక్కడ బియ్యం కొనుక్కోవచ్చు. విదేశాలకు గింజలు పట్టుకెళ్తే కస్టమ్స్‌లో తంటా. అన్నట్టు విమానంలో పెద్ద ట్రైపాడ్‌ను చెక్‌ఇన్ సామానులో వేయండి. విడి బ్యాటరీలు మాత్రం చెక్‌ఇన్‌లో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

ప్రశ్న: ఆదివారం మైసూరు ప్యాలెస్ దీపాలు చూడబోతున్నాం. ఎక్కడ నిలబడాలి? (అనంతపురం)

జవాబు: ప్యాలెస్ తూర్పు ముఖంగా ఉంటుంది. ముందువైపు మైదానంలో నిలబడితే మీరు పడమటికి చూస్తుంటారు, పొద్దుగూకిన వెలుగంతా గోపురాల వెనకే. ఇంతకన్నా ఏం కావాలి!

చిక్కల్లా సమయంతోనే. ఆదివారాలు, ప్రభుత్వ సెలవుదినాల్లో సాయంత్రం ఏడింటికి దీపాలు వేస్తారు, ముప్పావుగంట ప్రాంతం ఉంచుతారు. వెళ్లేముందు ఆ రోజు వేళ ఒకసారి కనుక్కోండి. జూన్, జూలైలలో మైసూరులో 6:50 ప్రాంతంలో పొద్దుగూకుతుంది, అంటే ఏడింటికి దీపాలు వెలిగేసరికి ఆకాశం ఇంకా నీలంలోకి దిగుతుంటుంది. 7:05 నుంచి 7:20 లోపు ఫొటోలు అయిపోవాలి. మబ్బు పట్టకపోతే ఏడాదిలో అవే మంచి వారాలు. డిసెంబరులో ఆరింటికే పొద్దుగూకుతుంది కాబట్టి దీపాలు వేసేటప్పటికి ఆకాశం నల్లగానే ఉంటుంది. దసరాకూ అంతే. అప్పుడు ఆకాశాన్ని ఫ్రేములో తగ్గించి, ప్యాలెస్‌ను నిండుగా పెట్టండి.

అక్కడ వెలుతురు గోడ మీద పడేది కాదు. కట్టడం అంచులన్నింటా దాదాపు లక్ష బల్బులు. ఎక్కువసేపు తీస్తే బల్బులు ఒకదానితో ఒకటి కలిసిపోయి వెలుగు గీతలవుతాయి. ఐఎస్ఓ 100, ఎఫ్8కి 1 సెకనుతో మొదలుపెట్టి, పెద్దది చేసి చూసి, బల్బులు విడివిడిగా కనబడేదాకా తగ్గించండి. ఫోన్‌లో అయితే మైనస్ 1కి కూడా తెల్లబడొచ్చు, మైనస్ 1.5 దాకా వెళ్లండి. దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి కాబట్టి ఫోకస్, ఫ్రేము 6:50కే సిద్ధం చేసి పెట్టుకోవాలి.

ప్రశ్న: ఒకే కట్టడం ఒక ఫొటోలో పసుపుపచ్చగా, ఇంకోదాంట్లో నీలంగా వస్తోంది. వీడియోలో అయితే అడ్డచారలు పాకుతున్నాయి. (విజయవాడ)

జవాబు: రంగు మారేది ఆటో వైట్ బ్యాలెన్స్ వల్ల, అంటే దీపం రంగును బట్టి కెమెరా తానే రంగులు సర్దడం వల్ల. పాత సోడియం దీపాలు నారింజ రంగువి, కొత్త ఎల్ఈడీలు తెలుపు, దుకాణాల ట్యూబులకు కొంచెం ఆకుపచ్చ. ఫ్రేము జరిపినప్పుడల్లా కెమెరా మనసు మార్చుకుంటుంది. ఆటో ఆపి, వైట్ బ్యాలెన్స్‌లోని కెల్విన్ అంకెను 3400 ప్రాంతంలో పెట్టి వదిలేయండి. గోడ వెచ్చగా, ఆకాశం నీలంగా నిలుస్తాయి. రా ఫైలు (కెమెరా సర్దకుండా దాచే ఫొటో) తీస్తే ఇంటికొచ్చాక కూడా మార్చుకోవచ్చు. పూర్తిగా తెల్లటి గోడ రావాలని పట్టుబట్టకండి. దీపం వెలుతురులో గోడ తెల్లగా ఉండదు, ఉంటే మధ్యాహ్నం తీసినట్టుంటుంది.

చారలు కరెంటువి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చారలు పోతాయి. ఫోన్‌లో యాంటీఫ్లికర్ (ఈ చారలను ఆపే సెట్టింగు) 50 హెర్ట్జ్‌కు మార్చండి. అమెరికా, సౌదీ వెళ్లినప్పుడు 60 హెర్ట్జ్, 1/60 లేదా 1/120. పెద్ద ఎల్ఈడీ తెరలు మినికే వేగం వేరే, వాటికి ఈ లెక్క కుదరదు. షట్టర్ ఒక్కో మెట్టూ నెమ్మది చేసుకుంటూ చారలు పోయేచోట ఆగండి.

రంగులు మారుతుండే కట్టడాలకు ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ పెడితే ఎరుపూ ఆకుపచ్చా కలిసి బురదరంగు వస్తుంది. ఒక రంగు ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టి అంతకన్నా తక్కువ సమయం పెట్టండి.

ప్రశ్న: జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి పారిస్ వెళ్తున్నాం. ఈఫిల్ టవర్ రాత్రి ఫొటో సోషల్ మీడియాలో పెడితే కేసు అంటున్నారు, నిజమేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: భయం లేదు. 1889లో కట్టిన టవర్ మీద హక్కులు ఏమీ లేవు, రాత్రి దీపాల అలంకరణ మీద మాత్రం హక్కులున్నాయి. సొంతానికి తీసుకున్నా, ఇంట్లోవాళ్లకు పంపినా, మీ పేజీలో పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ప్రకటనలకూ, అమ్మకానికీ వాడాలంటే టవర్ నిర్వహణ సంస్థ అనుమతి కావాలి.

అసలు ఇబ్బంది జూన్‌తోనే. అక్కడ జూన్ చివర్లో రాత్రి పదింటికి కొంచెం ముందు పొద్దుగూకుతుంది. ఇక్కడి లెక్కన ఏడున్నరకు వెళ్తే మిట్టమధ్యాహ్నపు ఫొటోలే వస్తాయి. ఊరట ఏమిటంటే సంధ్యవెలుగు మనకన్నా చాలాసేపు నిలుస్తుంది, పొద్దుగూకాక 20 నుంచి 45 నిమిషాల దాకా. చీకటిపడ్డాక గంట గంటకూ మొదటి 5 నిమిషాలు 20,000 బల్బులు తళతళలాడతాయి. ఆ వేళ 10 సెకన్లు ఎక్స్‌పోజర్ పెడితే మెరుపులన్నీ పోగుపడి టవర్ తెల్లటి కడ్డీ అయిపోతుంది. అర సెకను నుంచి 1 సెకను లోపు, ఎఫ్5.6, ఐఎస్ఓ 100 లేదా 200. మిగతా వేళ బంగారు రంగు వెలుతురు టవర్ లోపలి నుంచే పైకి వస్తుంది కాబట్టి లోపలి ఇనుప అల్లిక స్పష్టంగా పడుతుంది. నిజానికి మా ఓటు దానికే. తళతళలను వీడియోలో తీసుకోండి. నదికి అవతల, టవర్‌కు ఎదురుగా ఉన్న త్రొకాదెరో వైపు ఎత్తు నుంచి చూస్తే టవర్ వాలకుండా వస్తుంది. జేబుదొంగలు తిరిగే చోటు, బ్యాగు జిప్పు ముందువైపు ఉండాలి.

ప్రశ్న: దుబాయ్‌లో హోటల్ నుంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టింది, ఎంత తుడిచినా మళ్లీ పట్టింది. బుర్జ్ ఖలీఫా ఫ్రేములో పట్టనూ లేదు. (కడప)

జవాబు: ఏసీలో చల్లబడిన అద్దానికి బయటి తేమగాలి తగిలితే నీరు పడుతుంది. అద్దం వేడెక్కేదాకా తుడిచి లాభం లేదు, తుడిచేకొద్దీ మరకలు. గదిలోనే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసి, బయటికొచ్చాక కవర్ విప్పకుండా అరగంట ఉంచండి. తేమ కవర్ మీద పడుతుంది. వేసవిలో విశాఖ, చెన్నైలలోనూ ఇదే చేయాలి.

బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. చార్మినార్‌కు చెప్పిన లెక్కే వేస్తే ఫోన్ వంచకుండా పట్టాలంటే 1.2 కిలోమీటర్ల దూరం కావాలి, అల్ట్రావైడ్‌తో 600 మీటర్లు. దాని ముందున్న ఫౌంటెన్ ఒడ్డున నిలబడి పైకొస దాకా నిటారుగా రావాలంటే రాదు. హోటల్ గది కిటికీ లోంచి కనిపిస్తుంటే గదిలో దీపాలన్నీ, టీవీ స్టాండ్‌బై చుక్కతో సహా ఆర్పేసి, లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల దుస్తులు కప్పండి. అద్దానికి అంగుళం ఎడం ఉన్నా గది ప్రతిబింబం వచ్చేస్తుంది.

ప్రశ్న: హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం ప్రతిబింబం, ట్యాంక్‌బండ్ మీద వాహనాల వెలుగు గీతలు. రెండూ ప్రయత్నించాను, రెండూ కుదరలేదు. (సిద్దిపేట)

జవాబు: అద్దంలాంటి ప్రతిబింబం గాలి ఆడని తెల్లవారుజామునే. సాయంత్రం గాలికి నీళ్లు కదులుతుంటాయి, 15 నుంచి 20 సెకన్లు పెడితే అలలు చదునై రంగుల వెలుగు నిలువుగా నీళ్లలోకి దిగుతుంది. ట్యాంక్‌బండ్ నుంచి తీస్తే మీరు పడమటికి తిరిగి ఉంటారు, కాబట్టి సంధ్యవెలుగు విగ్రహం వెనకే.

వాహనాల గీతలు మధ్యలో తెగుతున్నాయంటే సమయం తక్కువ పెట్టారు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఫ్రేములో 110 మీటర్ల రోడ్డు కనిపిస్తుంటే కారు ఇవతల నుంచి అవతలికి పోవడానికి 10 సెకన్లు కావాలి. ఐఎస్ఓ 100, ఎఫ్11, 10 సెకన్లు. సిగ్నల్ పచ్చబడగానే నొక్కండి. మన దగ్గరకొచ్చే బండ్ల హెడ్‌లైట్లకన్నా దూరంగా పోయే బండ్ల ఎర్రదీపాలు బాగుంటాయి. హైబీమ్ వేసుకొచ్చే ఒక్క లారీ ఫ్రేమంతా పాడుచేయగలదు. అలాంటిది వస్తుంటే అరచెయ్యి లెన్స్‌కు అడ్డం పెట్టి, పోయాక తీసేయండి, ఎక్స్‌పోజర్ ఆపక్కర్లేదు.

ప్రశ్న: జనం లేకుండా చార్మినార్? (తాండూరు)

జవాబు: సాయంత్రం సాధ్యం కాదు, రంజాన్ నెలలో ఆ ఊసే ఎత్తొద్దు. తెల్లవారుజామున సూర్యోదయానికి అరగంట ముందు జనం పలచగా ఉంటారు. కానీ ఫ్లడ్‌లైట్లు ఆ వేళదాకా ఉంచరు, వీధి దీపాలతోనే సరిపెట్టుకోవాలి. సాయంత్రమే కావాలంటే ట్రైపాడ్ మీద కదల్చకుండా, ఒకే సెట్టింగుతో, 10 సెకన్లకొకటి చొప్పున 15 ఫొటోలు తీయండి. ఫొటోషాప్‌లో అన్నిటినీ ఒక స్టాక్‌గా పెట్టి మీడియన్ (ఎక్కువ ఫొటోల్లో ఉన్నదాన్నే ఉంచే పద్ధతి) ఎంచుకుంటే కదిలిన మనుషులు మాయమవుతారు. బండి దగ్గర నిలబడి బేరమాడేవాళ్లు మాత్రం పోరు. పోకపోతే పోనివ్వండి. జనమే లేని పాతబస్తీ ఫొటో కొంచెం అబద్ధంలా ఉంటుంది.

ప్రశ్న: డ్రోన్? (ఖమ్మం)

జవాబు: డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడకుండా పెట్టెలోంచి తీయొద్దు. పారిస్ నగరం మీద అసలే కుదరదు.

ప్రశ్న: ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో ఏం చేయాలి? ఎంత చేసినా కృత్రిమంగా కనిపిస్తోంది. (మహబూబ్‌నగర్)

జవాబు: నీడలను పూర్తిగా పైకి లాగుతున్నారేమో చూడండి. రాత్రి ఫొటోలో కొంత నలుపు ఉండాలి. ముందు హైలైట్స్ (వెలుగు భాగాలు) మైనస్ 40 నుంచి 60, తర్వాత షాడోస్ (నీడలు) ప్లస్ 20 లోపు, అటుపైన నిలువు గీతలు సరిచేయడం. గ్రెయిన్ తగ్గించేటప్పుడు గోడ మీది నగిషీలు మెత్తబడకుండా ఆకాశానికి మాత్రమే మాస్క్ పెట్టి తగ్గించండి. శాచురేషన్ (రంగుల గాఢత) జోలికి పోవద్దు. నీలం, నారింజ రెండూ అప్పటికే గాఢంగా ఉంటాయి, ఇంకాస్త పెంచితే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కనబడతాయి. స్క్రీన్ బ్రైట్‌నెస్ సగంలో పెట్టుకుని చేయండి. చీకటి గదిలో ఫుల్ బ్రైట్‌నెస్‌తో సరిచేసిన ఫొటోను మర్నాడు ప్రింట్‌కు ఇస్తే నల్లగా వస్తుంది.